అర్జీకి ముందు కరెంటు బిల్లు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నిజమే. కానీ అమ్మ కూడా గరిటె పట్టుకుని "ఎంత పెట్టమంటావురా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు లేకుండానే సర్కారు గడప తొక్కే ఊళ్లు మన దగ్గర కొల్లలు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

కొన్నేళ్ల కిందట మా వైపు ఒక పంచాయతీ వాళ్లు వీధిలైట్ల కోసం వినతిపత్రం రాసిపెట్టమని వచ్చారు. రాయడం వచ్చినవాడికి రాయడమే జబ్బు. మూడు పేజీలు దంచేశాను. చీకటి వీధులు, పాముల భయం, పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఏదీ వదల్లేదు. సర్పంచికి కళ్లు చెమర్చాయి. ఆఫీసులో పెద్దసారు మాత్రం మొదటి పేజీ సగం చదివి తలెత్తాడు.

"మీ ఊళ్లో స్తంభాలెన్ని?"

"రెండొందలు... రెండొందల యాభై దాకా ఉంటాయి సార్."

"రెండొందలా, రెండొందల యాభయ్యా?"

సర్పంచి నా వైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు వైపు చూశాను.

"ఆ యాభై తేలినాక రాండి" అని కాగితం మా చేతిలోనే పెట్టాడు. బయటికి వచ్చాక సర్పంచి, "ఏందన్నా, అంత బాగా రాస్తివి, స్తంభాలు లెక్కపెట్టకపోతిమే!" అన్నాడు. ఈ అధ్యాయం ఆ మాట నుంచే పుట్టింది.

ఉదాహరణకు కొలిమిగుండ్లను తీసుకుంటాను. కారణముంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డప్పుడు కర్నూలు నుంచి విడివడి ఇందులోకి వచ్చిన మండలం ఇది. బెలుం గుహలు ఈ మండలంలోనివే. నేల కింద సున్నపురాయి, నేల మీద బండల లారీలు. 2022 సెప్టెంబరులో కలవటాల దగ్గర రామ్‌కో సిమెంటు ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఊరు మాత్రం పంచాయతీ, మున్సిపాలిటీ కాదు. ఈ తేడా తెలియక పోగొట్టుకునే కాలం ఇంతా అంతా కాదు. పట్టణాల తాగునీటికోసం 2021 అక్టోబరులో మొదలైన అమృత్ 2.0 పథకాన్నే చూడండి. లక్ష లోపు జనాభా ఉన్న పట్టణానికి ప్రాజెక్టు ఖర్చులో సగం కేంద్రం ఇస్తుంది, లక్ష నుంచి పది లక్షల దాకా ఉంటే మూడో వంతు ఇస్తుంది. అంటే లక్ష లోపున్న ఆళ్లగడ్డది ఒక లెక్క, 2011 నాటికే రెండు లక్షలు దాటిన నంద్యాలది ఇంకో లెక్క. కొలిమిగుండ్లకు ఆ తలుపే లేదు. లేని తలుపు తట్టేకంటే ఉన్న తలుపులేవో చూసుకోవడం మేలు.

వాటి దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో పని కొంత ఉంది.

లైటు కనిపిస్తుంది, మోటారు కనిపించదు

పంచాయతీ కార్యదర్శి దగ్గర ఊరి కరెంటు సర్వీసు నంబర్ల జాబితా ఉంటుంది. లేకపోతే తిరుపతి కేంద్రంగా పనిచేసే మన కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో దొరుకుతుంది. దాన్ని ముందు పెట్టుకుని ఒక్కో నంబరుకు పన్నెండు నెలల బిల్లులు వరసగా పేర్చండి. రెండు గంటల పని. ఈ రెండు గంటల్లో బయటపడే సంగతులు ఏ కన్సల్టెంటూ చెప్పలేడు. ఎండిపోయిన బోరుకు ఇప్పటికీ ఫిక్స్‌డ్ చార్జీ కడుతూ ఉంటాం. మీటరు కాలిపోయిన సర్వీసుకు ఏళ్ల తరబడి సగటు బిల్లు వస్తూ ఉంటుంది. ఎవరిదో కనెక్షను మన ఖాతాలో కలిసిపోయి ఉంటుంది. పనికిరాని సర్వీసు తీయించడానికీ, కాలిన మీటరు మార్పించడానికీ గ్రాంటు అక్కర్లేదు, ఒక ఉత్తరం చాలు. మీటరు లేని చోట రేపు ఎంత ఆదా చేసినా రుజువు చేయలేం కాబట్టి దాన్ని మాత్రం వాయిదా వేయొద్దు.

తర్వాత లైట్లు. లైన్‌మన్‌ను, సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటును వెంటబెట్టుకుని ఒక సాయంత్రం ఊరంతా తిరగండి. స్తంభానికో నంబరు రాసి, దాని మీద ఉన్నది ఏ లైటో, ఎన్ని వాట్లో, వెలుగుతోందో లేదో నోటుబుక్కులో ఎక్కించండి. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఇంకోసారి తిరగండి. అప్పటికి ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో చూస్తే నవ్వొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. ఇరవై వాట్ల ఎల్ఈడీలు వంద, పొద్దున ఆరు నుంచి పది దాకా ఊరికే వెలిగితే రోజుకు 8 యూనిట్లు, ఏడాదికి 2,920 యూనిట్లు. వీధిలైట్ల యూనిటు ఏడు రూపాయలని వేసుకుంటే ఇరవై వేల పైచిలుకు రూపాయలు, సూర్యుడికి టార్చిలైటు వేసి చూపించిన ఖర్చు. ఒక టైమర్ స్విచ్చి దీన్ని ఆపుతుంది.

పాత ట్యూబ్‌లైటు ఇంకా ఉన్న చోట లెక్క పెద్దది. నలభై వాట్ల ట్యూబు, చోక్‌తో కలిపి, దగ్గర దగ్గర 55 వాట్లు లాగుతుంది. ఇరవై వాట్ల ఎల్ఈడీ పెడితే 35 వాట్లు మిగులు. వంద స్తంభాలు, రాత్రికి పదకొండు గంటలు, ఏడాది పొడుగునా వేస్తే 14 వేల యూనిట్లు. డబ్బులో 98 వేల రూపాయలు. మన దేశంలో గ్రిడ్డు కరెంటు యూనిటుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు లెక్క కడతారు, ఆ ప్రకారం పది టన్నులు.

ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఎందుకంటే లైటు కళ్లకు కనిపిస్తుంది. వెలగకపోతే వార్డు మెంబరు ఇంటి ముందు నలుగురు చేరతారు. ఊరి చివర బోరులో మునిగి ఉన్న మోటారు గతి వేరు. నీళ్లొచ్చినన్నాళ్లూ దాన్ని ఎవరూ తలుచుకోరు. కాలితే పైకి లాగి, తాడిపత్రికో బనగానపల్లెకో పంపి రీవైండింగు చేయించి మళ్లీ దింపుతారు. ఒక్కో రీవైండింగుకూ అది కాస్త ఎక్కువ కరెంటు తాగి కాస్త తక్కువ నీళ్లు ఇవ్వడం మొదలుపెడుతుంది. ఆ "కాస్త"ను కొలిచే పద్ధతి చెబుతాను, ఇంజనీరు అవసరం లేదు.

ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయ్యాక ఊళ్లోకి వెళ్లే వాల్వు కట్టేయండి. మీటరు రీడింగు రాసుకుని మోటారు వేయండి. ట్యాంకు నిండాక మళ్లీ రీడింగు చూడండి. నలభై వేల లీటర్ల ట్యాంకు నిండడానికి మూడు గంటలు, 27 యూనిట్లు పట్టిందనుకుందాం. వెయ్యి లీటర్లకు 0.67 యూనిట్లు పడింది. బోరులో నీటిమట్టం నుంచి ట్యాంకు నోటిదాకా 60 మీటర్ల ఎత్తయితే, వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు చేర్చడానికి భౌతికశాస్త్రం అడిగేది 0.16 యూనిట్లే. అంటే నాలుగు వంతుల కరెంటు పోస్తే ఒక వంతు పని జరుగుతోంది, మూడు వంతులు వేడికీ, పైపు ఒరిపిడికీ పోతోంది. మంచి స్టార్ రేటింగు ఉన్న పంపుసెట్టు, సరైన సైజు పైపు ఉంటే ఇదే పని 0.4 యూనిట్లలో అయిపోవాలి. రోజుకు రెండు ట్యాంకులు నింపే ఊళ్లో ఏడాదికి ఎనిమిది వేల యూనిట్లు, 56 వేల రూపాయలు మిగులు. అలాంటి మోటార్లు రెండు మార్చితే వంద లైట్లు మార్చినదానికంటే ఎక్కువ!

ఈ అంకెలన్నీ నేను ఉదాహరణకు వేసినవి. మీ ఊరివి మీరు కొలవాలి. కానీ మోటారు సంగతి ఇంత సాగదీయడానికి ఇంకో కారణముంది. డబ్బిచ్చే వాళ్ల ఖాతాల్లో లైటుకు ఉన్న చోటు వేరు, నీళ్ల మోటారుకు ఉన్న చోటు వేరు. చాలాచోట్ల రెండోదే పైన ఉంటుంది.

ఎవరి డబ్బు, ఏ ఖాతా

గ్రాంటు అనగానే మనవాళ్లు ఢిల్లీ వైపు చూస్తారు. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధులు మాత్రం అప్పటికే మన ఖాతాలో ఉంటాయి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పెట్టిన నియమం ప్రకారం గ్రామ పంచాయతీ గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే ముడిపెట్టిన డబ్బు. అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణకు, మిగతా సగం పారిశుద్ధ్యానికి. మిగిలిన 40 శాతమే స్థానిక అవసరాలకు, జీతాలకు కాదు. వీధిలైటు ఆ నలభైలో రోడ్డుతోనూ మురుగుకాలువతోనూ పోటీపడాలి. మోటారు మార్పిడి తాగునీటి పని కాబట్టి ముడిపెట్టిన భాగంలో దర్జాగా కూర్చుంటుంది. అదే ఆదా, అదే కరెంటు. కాగితం మీద పేరు మారితే చోటు మారుతుంది. 2026 నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. దాని మార్గదర్శకాలు చేతికి రాగానే మొదట వెతకాల్సింది ముడి ఎంతకు, ముడి లేనిది ఎంత అన్నదే.

ఆ డబ్బు కరెంటు బకాయిల కింద జమ కావడం మీద మన రాష్ట్రంలో సర్పంచులు రోడ్డెక్కిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎవరిది న్యాయమో తేల్చడం ఈ పుస్తకం పని కాదు. బిల్లు తగ్గించుకున్న ఊరికి ఆ గొడవ అంత మేరకు తగ్గుతుంది.

ఇక కొలిమిగుండ్లకు దక్కే పెద్ద అవకాశం దాని కాళ్ల కిందే ఉంది. గనుల చట్టానికి 2015లో సవరణ చేసి ప్రతి గనుల జిల్లాలో డిస్ట్రిక్ట్ మినరల్ ఫౌండేషన్ పెట్టమన్నారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీ మీద అదనంగా 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం ఆ నిధికి చేరాలి. జిల్లా కలెక్టరు దానికి అధ్యక్షుడు. 2024లో సవరించిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లు నేరుగా ప్రభావితమైనవి. నిధిలో కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం లాంటి మొదటి వరస పనులకు పోవాలి; ఇంధనం, రోడ్లు లాంటివి మిగతా 30లో. చూశారా, ఇక్కడా మోటారు ముందు వరస, లైటు వెనక వరస. సున్నపురాయి టిప్పర్ల దుమ్ము తినే ఊరికి ఈ నిధి దయాధర్మం కాదు. కలెక్టరేటుకు వెళ్లేటప్పుడు ఆ స్వరంతోనే వెళ్లండి, కాకపోతే చేతిలో లెక్క ఉండాలి.

కంపెనీల చట్టం 135వ సెక్షను కింద పెద్ద కంపెనీలు సగటు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్నదీ తెలిసిందే. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నప్పుడు అక్కడికి వెళ్లడం సహజం. ఒక్క సలహా. పండగకు చందా అడిగినట్టు అడగొద్దు. గ్రామసభ తీర్మానం, వెయ్యి లీటర్లకు యూనిట్ల పట్టిక పెట్టి ఇవ్వండి. వాళ్ల ఏడాది నివేదికలో రాసుకోవడానికి వాళ్లకూ అంకె కావాలి.

సోలార్ సంగతికొస్తే, 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇళ్లకిచ్చే సబ్సిడీ (ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకంటే పైన 78 వేలు) అందరి నోటా ఉంది. పంచాయతీకి వచ్చేది మాత్రం ఎవరూ చెప్పరు. తమ పరిధిలో ఇంటి మీద పలకలు పెట్టిన ప్రతి కుటుంబానికీ స్థానిక సంస్థకు వెయ్యి రూపాయల ప్రోత్సాహకం ఉంది. మూడొందల ఇళ్లు కదిలితే మూడు లక్షలు. ఇదే పథకంలో జిల్లాకొక ఆదర్శ సౌర గ్రామం, దానికి కోటి రూపాయలు. ఐదు వేలు దాటిన జనాభా ఉన్న రెవెన్యూ గ్రామాలు పోటీకి అర్హం. ఆరు నెలల గడువులో ఎవరి ఊళ్లో సౌర, ఇతర పునరుత్పాదక సామర్థ్యం ఎక్కువ పెరిగితే వాళ్లకు. ఇక్కడ అర్జీ పనిచేయదు. ఇది పరుగుపందెం, ముందే పరిగెత్తాలి.

ఐదోది గ్రాంటే కాదు, కానీ మన రాష్ట్రం పేరు తెచ్చుకున్నది దానితోనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను చీకటి చేసింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్ఎల్ తొంభై వేలకు పైగా వీధిలైట్లను ఎల్ఈడీలుగా మార్చింది. కార్పొరేషను ముందుగా డబ్బు పెట్టనక్కర్లేదు. బిల్లులో మిగిలిన సొమ్ములోంచి ఏళ్ల వాయిదాలుగా కట్టాలి. 2015 జనవరి 5న దేశమంతటికీ ఇదే పద్ధతిలో వీధిలైట్ల కార్యక్రమం వచ్చింది. 2017లో ఆంధ్ర పల్లెలకూ పది లక్షల లైట్లన్నారు, అందుకు ఎంచుకున్న జిల్లాల్లో ఉమ్మడి కర్నూలు ఒకటి. ఒప్పందానికి గడువుంటుంది. అది ముగిశాక అప్పుడు పెట్టిన లైట్ల బాధ్యత మన నెత్తినే పడుతుంది. పాత ఒప్పందం కాగితం బయటికి తీసి గడువు ఎప్పటిదాకానో చూడండి. వాయిదాల పద్ధతిలో ఒక చిక్కుంది: మిగిలిన సొమ్మును వేరే ఖర్చుకు వాడేసుకుని వాయిదా ఎగ్గొడితే లైటు ఆరిన రోజు బాగుచేసేవాడు రాడు. దేశంలో చాలా స్థానిక సంస్థలు అలా బకాయి పడ్డాయి.

ఒక్క పేజీ

మూడు పేజీల కన్నీళ్ల కథ ఎలా తిరిగొచ్చిందో చెప్పాను కదా. ఇప్పుడు ఒక్క పేజీ రాద్దాం. పైన గ్రామసభ తీర్మానం నంబరు, తేదీ. కింద ఇప్పుడున్న స్థితి: ఫలానా సర్వీసు నంబరు, పన్నెండు నెలల యూనిట్లు, కట్టిన బిల్లు, వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు. తర్వాత చేయబోయే పని, దాని అంచనా. నీళ్ల పనికి గ్రామీణ నీటి సరఫరా విభాగం (ఆర్‌డబ్ల్యూఎస్) ఏఈ సంతకం ఉండాలి. ఆ తర్వాత ఏడాదికి మిగిలేది, ఎన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందో. చివరి వాక్యం చాలామంది మరిచిపోయేది: నిర్వహణ ఎవరిది, దానికి ఏటా ఎంత పక్కన పెడతారు. ఈ చివరి వాక్యం ఉన్న దరఖాస్తును అధికారి రెండోసారి చదువుతాడు. బిల్లుల జిరాక్సులు, స్తంభాల నోటుబుక్కు వెనక జతచేయండి.

అంచనాను ఉబ్బించొద్దు. "సగం కోస్తారులే, రెట్టింపు అడుగుదాం" అనే తెలివి మన రక్తంలో ఉంది. ఆదా లెక్క పక్కనే ఉన్నప్పుడు ఉబ్బిన అంచనా వెంటనే దొరికిపోతుంది. ఐదేళ్లలో తిరిగి రావాల్సింది పదేళ్లు పడుతుంది.

కర్బన ఉద్గారాల గురించి ఎంత రాయాలి? ఒక్క వరస. టన్ను సిమెంటు తయారైతే అర టన్ను పైనే బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. వంద లైట్లు మార్చి మనం ఏడాదంతా ఆపిన పది టన్నులు ఒక లారీ సిమెంటుకు సరిపోతాయి. అందుకని ఊరు లోకాన్ని రక్షిస్తున్నట్టు రాస్తే చదివేవాడు నవ్వుకుంటాడు. నీళ్లూ డబ్బూ ముందు చెప్పి, టన్నులు చివర చెప్పండి. కార్బన్ క్రెడిట్లు అమ్మిపెడతామని కారులో దిగేవాళ్లకు మంచినీళ్లిచ్చి పంపేయండి. పది టన్నుల సరుకుకు తనిఖీ ఖర్చే ఎక్కువ. లెక్క ఉంచుకోవద్దని కాదు. కేరళలో వయనాడ్ జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో కర్బన సమతుల్యత సాధిస్తామని బయలుదేరినప్పుడు మొదట పెట్టుకున్న పని ఊరి ఉద్గారాలు లెక్కించడమే. అమెరికాలో 2009 మాంద్యం వేళ ఊళ్లకూ నగరాలకూ ఇంధన పొదుపు కోసం 3.2 బిలియన్ డాలర్ల గ్రాంట్లు ప్రకటించినప్పుడూ, ముందు మీ ఇంధన ప్రణాళిక చూపించండన్నారు. ఎక్కడైనా గరిటె పట్టుకున్నవాళ్ల ప్రశ్న అదే.

డబ్బొచ్చాక చాలా ఊళ్లు నిద్రపోతాయి. అసలు పని అప్పుడే. పాత మోటారు ఫొటో, కొత్త మోటారు ఫొటో, కొలతల పుస్తకం (ఎం.బుక్), బిల్లులు, వినియోగ ధ్రువపత్రం (యూసీ), ఇవన్నీ ఒకే ఫైలులో ఉండాలి. యూసీ పోనిదే రెండో విడత రాదు. మోటారు మార్చిన నెల నుంచి మళ్లీ పన్నెండు బిల్లులు పేర్చండి. మొదటి పన్నెండు, రెండో పన్నెండు పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి. జాతీయ పంచాయతీ అవార్డుల్లో గ్రామ ఊర్జా స్వరాజ్ అని ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. అటువంటివాటికి దరఖాస్తు చేయాలన్నా, వచ్చే ఏడాది రెండో బోరుకు డబ్బు అడగాలన్నా, ఆ ఇరవై నాలుగు కాగితాలే మీ సిఫారసు.

కార్యదర్శి బదిలీ అయితే ఫైలు ఏమవుతుందని అడుగుతారేమో. ఒక నకలు సర్పంచి ఇంట్లో, ఇంకో నకలు ఊళ్లో లెక్కలంటే ఇష్టమున్న ఏ రిటైర్డు మాస్టారి దగ్గరో ఉంచండి. మా పంచాయతీలో ఆ పని ఒక మాస్టారే చేశారు. మేము రెండోసారి అదే ఆఫీసుకు వెళ్లినప్పుడు పెద్దసారు మళ్లీ అదే అడిగాడు. "రెండొందల పదిహేడు సార్, అందులో పంతొమ్మిది వెలగవు" అన్నాడు సర్పంచి. సారు కుర్చీ చూపించాడు.

రేపు పొద్దున సచివాలయం తలుపు తీయగానే వెళ్లి సర్వీసు నంబర్ల జాబితా అడగండి. పెన్ను మీదే తీసుకెళ్లండి.